లెక్క 1990 నుంచే ఎందుకు?

2024 సెప్టెంబరు 30న ఇంగ్లండ్‌లోని రాట్‌క్లిఫ్ ఆన్ సోర్ విద్యుత్ కేంద్రం మూతపడింది. బ్రిటన్‌లో బొగ్గుతో కరెంటు తయారుచేసిన చివరి కేంద్రం అదే. 1882లో లండన్‌లోని హాల్‌బర్న్ వయాడక్ట్ దగ్గర మొదలైన బొగ్గు కరెంటు 142 ఏళ్ల తర్వాత ఆగిపోయింది. ప్రపంచానికి బొగ్గును అలవాటు చేసిన దేశం దాన్ని వదులుకోవడం చిన్న విషయం కాదు. 1990తో పోలిస్తే తమ ఉద్గారాలు, అంటే గాలిలోకి వదిలే కార్బన్ డయాక్సైడ్ వంటి వాయువులు, సగానికి పైగా తగ్గాయని కూడా బ్రిటన్ చెబుతోంది. అదీ నిజమే. అయితే ఆ 1990 ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలి.

పాత సంవత్సరాల ఉద్గారాలను ఏ పరికరమూ కొలవలేదు. గనుల రికార్డులు, ఎగుమతి దిగుమతుల లెక్కలు చూసి ఏ ఏడాది ఎంత ఇంధనం కాలిందో తేలుస్తారు. 12 కిలోల కార్బన్ పూర్తిగా కాలితే 44 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. పాత పట్టికల్లో చాలావాటిలో ఉండేది కార్బన్ బరువు, ఇప్పటివాటిలో ఉండేది వాయువు బరువు. ఈ తేడా గమనించకుండా రెండింటినీ పక్కపక్కన పెడితే లెక్క మూడున్నర రెట్లకు పైగా తప్పుతుంది.

అలా కూర్చిన బ్రిటన్ ఉద్గారాల గీతలో నా చూపు ముందుగా ఆగేది 1926 దగ్గర. ఏళ్ల తరబడి ఎత్తుగా సాగిన గీత అక్కడ ఒక్కసారిగా గుంటలో పడి, మరుసటి ఏడాది మళ్లీ లేస్తుంది. జీతాల కోతకు ఒప్పుకోని గని కార్మికులను యజమానులు నెలల తరబడి పనిలోకి రానివ్వని ఏడాది అది. పొయ్యి వెలగని ఎన్నో ఇళ్ల కష్టం గణాంకాల్లో ఆ చిన్న గుంటగా మిగిలింది.

గీత శిఖరానికి చేరింది 1970ల ఆరంభంలో. ఆ తర్వాత చమురు సంక్షోభం వచ్చింది, భారీ పరిశ్రమలు మూతపడ్డాయి, 1990లలో ఉత్తర సముద్రపు గ్యాస్ బొగ్గును పక్కకు నెట్టింది. వీటిలో ఏదీ వాతావరణం కోసం జరగలేదు. కావాలని చేసిన తగ్గింపు ఎక్కువగా తర్వాతి కాలానిది: 2008 వాతావరణ చట్టం, 2013లో విద్యుత్ కేంద్రాలు వదిలే కార్బన్‌కు పెట్టిన కనీస ధర. 2012లో బ్రిటన్ కరెంటులో దాదాపు 40 శాతం బొగ్గుదే. పన్నెండేళ్లలో అది సున్నా అయింది. దీన్ని మెచ్చుకోవడానికి నాకు సంకోచం లేదు.

ఇక 1990 సంగతి. 1992 ఐక్యరాజ్యసమితి వాతావరణ ఒప్పందం, ఉద్గారాల తగ్గింపు కోసం కుదిరిన 1997 క్యోటో ఒడంబడిక రెండూ ఆ ఏడాదినే ఆధారంగా తీసుకున్నాయి. చర్చలు మొదలైన కాలానికి అది దగ్గరగా ఉంది. కానీ జర్మనీలు ఏకమైంది ఆ ఏడాదే. తూర్పు జర్మనీలోని పాత లిగ్నైట్ (నాసిరకం బొగ్గు) కేంద్రాలు, కర్మాగారాలు మూతపడటంతో వచ్చిన తగ్గుదల జర్మనీ ఖాతాలో పడింది. 1991లో సోవియట్ యూనియన్ కూలిపోయాక రష్యా, ఉక్రెయిన్‌ల ఉద్గారాలు ఏ ప్రయత్నమూ లేకుండానే పడిపోయాయి. 1974 నుంచే అణువిద్యుత్ వైపు మళ్లిన ఫ్రాన్స్, చమురు సంక్షోభం తర్వాత ఇంధనం పొదుపు చేసిన జపాన్ 1990కి ముందు సాధించినది మాత్రం లెక్కలోకి రాలేదు.

ఏ ఏడాదిని పట్టుకున్నామన్నదే కాదు, ఎక్కడ గిరి గీశామన్నదీ ముఖ్యమే. దేశం లోపల వెలువడిన పొగనే ఈ లెక్క చూస్తుంది. బయటి దేశంలో తయారై బ్రిటన్ ఇళ్లకు చేరిన వస్తువు వెనక ఉన్న పొగ తయారుచేసిన దేశానిది అవుతుంది. అంతర్జాతీయ విమానాలు, ఓడల ఇంధనాన్ని విడిగా చూపిస్తారు కానీ దేశం మొత్తంలో కలపరు. వాడకం ప్రకారం లెక్కిస్తే బ్రిటన్ గీత మొత్తం మీద దిగుతుంది, కాకపోతే అంత ఏటవాలుగా దిగదు.

గాలిలో చేరిన కార్బన్ డయాక్సైడ్‌లో కొంత భాగం వందల ఏళ్లు అక్కడే ఉంటుంది. అందుకే పారిశ్రామిక విప్లవం నాటి నుంచి మొత్తం కూడి చూడాలని నేను అంటాను. బొగ్గు, చమురు, గ్యాస్ కాల్చగా ఇప్పటివరకు వెలువడిన కార్బన్ డయాక్సైడ్‌లో దాదాపు నాలుగో వంతు అమెరికాది. భారతదేశపు వాటా నాలుగు శాతం కూడా దాటదు.