పన్నెల మిగిలిన పోగులు

హన్మకొండ

పిల్లలూ,

తాత ఆశీర్వాదాలు. ఎండాకాలం సెలవులల్ల మా అరుగు మీద కూసొని రోజుకో కథ రాసిన మీరే, ఇప్పుడు "తాతా, ఏం తోస్తలేదు, నోట్‌బుక్ తెరిస్తే ఏడుపొస్తుంది" అని చెప్పి పంపిన్రు. ఒక పిల్ల అయితే అప్పుడు రాసిన కథలన్నీ చింపేసిందట. తోచకపోవుడు తప్పు కాదు గని చింపుడు మాత్రం నాకు నచ్చలేదు బిడ్డా. ఎందుకో చెప్త.

మా బాపు వరంగల్ కొత్తవాడల జంపఖానాలు నేసెటోడు. ఇంట్ల సగం జాగ గుంట మగ్గానిదే. అది ఆడుతున్నంత సేపు గోడలు సుత అదురుతుండె. అప్పుడప్పుడు ఆ చప్పుడు ఆగిపోయేది. పడుగు, అంటే మగ్గం మీది నిలువు పోగులు, అయిపోయిందన్నట్టు. నేసిన బట్టను కోసి తీసేటప్పుడు బాపు పాత పడుగును మొత్తం గుంజేసెటోడు కాదు. దువ్వెన లెక్కుండే పన్నెల జానెడు పోగులు అట్లనే ఉంచెటోడు. కొత్త పడుగు తెచ్చి, ఒక్కొక్క పోగును ఆ పాత కొసకు అతికేటోడు. పక్కన కొబ్బరి చిప్పల పొయ్యి బూడిద. బొటనవేలు, చూపుడువేలు అండ్ల అద్ది, రెండు కొసలు కలిపి మెలి తిప్పెటోడు. మళ్ల ఇంకో పోగు, మళ్ల బూడిద. వందల పోగులు! పొద్దుగూకేదాక కూసున్నా ఒక్క ఇంచు బట్ట పెరగకపోయేది.

"బాపూ, ఇయ్యాల పని లేదా?" అని అడిగిన ఒకసారి.

"ఇది పని కాదారా?" అన్నడు, తల ఎత్తకుంట.

ఆ పాత కొసలను కోసి పారేస్తే, కొత్త పోగులన్నిటినీ మళ్ల పన్నె సందులల్లకెల్లి మొదటిసంది తీసుకుంట రావాలె. అందుకే చింపొద్దంటున్న. పోయిన నెల రాసిన కథ బాగలేదనే అనుకో, రేపు రాసే కథను దేనికి అతుకుతవు మరి?

నేను రాసేటప్పుడు సుత ఆ జానెడు మిగిలిస్త. కథ మంచిగ నడుస్తుంటే, తోచిందంతా ఆ రోజే ఒడగొట్ట. "రేపు వీడు బాయిల తొంగి చూస్తడు" అని కింద ఒక ముక్క రాసి లేస్త. తెల్లారి ఖాళీ కాగితం ముందట కూసునే బాధ ఉండది. ఇది ఎవరో చెప్తే నేర్చుకున్నది కాదు, మగ్గం కాడ చూసిందే.

అయినా ఎండిపోయిన రోజులు నాకూ వచ్చినయి. సారు నౌకరీల చేరిన కొత్తల రెండేండ్లు ఒక్క కథ రాలేదు. ఒక పత్రిక పోటీ పెట్టింది. గడువు దగ్గర పడ్డది. ఆగలేక, మా అవ్వ చెప్పిన కథకే పేర్లు మార్చి, కడపట కొద్దిగ ఏడుపు కలిపి, నాదే అన్నట్టు పంపిన. బహుమతి వచ్చింది. అవ్వకు చదివి వినిపిస్తే, "ఆ జీతగాన్ని ఎందుకు చంపినవురా? నా కథల బతుకుతడు గద" అన్నది. ఆ మాట ఇప్పటికీ గుచ్చుతది.

మన బమ్మెర పోతన నాకంటే ఓపికమంతుడు. గజేంద్రమోక్షంల "అల వైకుంఠపురంబులో" అని పద్యం ఎత్తుకున్నంక ముందటికి సాగలేదట. వైకుంఠాన్ని ఎన్నడన్న చూసిండా పాపం! గంటం పక్కకు పెట్టి బయటికి పోయిండట. తిరిగొచ్చేసరికి పద్యం పూర్తయి ఉన్నది. బిడ్డను అడిగితే "ఇందాక నువ్వే వచ్చి రాసినవు గద" అన్నదట. రాముడే పోతన రూపంల వచ్చి పూర్తి చేసిండని మన దిక్కు చెప్పుకుంటరు. రాముడు వచ్చిండా లేదా నన్ను అడగకున్రి. పోతన గంటం పక్కకు పెట్టిండు గని విరగ్గొట్టలేదు, తాటాకు చింపలేదు. నాకు నచ్చింది అదే.

మరి బయటికి పోయి ఏం చేయాలె? ఫోన్ చూసుడు కాదు. అది తోచనోని నెత్తిల ఇంకింత చెత్త నింపుతది. నేనైతే వరంగల్ల ఎనుమాముల మార్కెట్‌కు పోత. మిర్చి వచ్చే దినాలల్ల లోపల అడుగు పెడితే తుమ్ములే తుమ్ములు. తేజ, వండర్‌హాట్, చపాటా అని రైతులు పేర్లు చెప్తుంటే రాసుకుంట. చపాటాను టమాటా మిర్చి అని సుత అంటరు, అంత గుండ్రంగుంటది గనుక. అడ్తి దుకాణం ముందట ఒక ముసలాయన బస్తా మీద చెయ్యేసి "దీనికి నాకంటే ఎక్కువ నీళ్లు తాపిన" అన్నడు. రాసుకున్న. అది ఏ కథల పడుతదో ఇప్పటికీ తెల్వదు. మా అవ్వ నూలు కండెలు చుట్టి గంపల పెట్టేది. ఏ కండె ఏ జంపఖానాకు పోతదో ఆమెకు తెలిసేదా?

ఇంకొక్కటి. కథ తోచకపోవుడు వేరు. తిండి పోకుండ, నిద్ర పట్టకుండ, దోస్తులతోటి మాట్లాడబుద్ధి కాకుండ ఉండుడు వేరు. అట్లుంటే నాకు ఉత్తరం రాసుకుంట కూసోకున్రి, ముందు అమ్మకో నాయినకో చెప్పున్రి.

చింపిన పిల్లా, ఆ ముక్కలు ఇంకా పారేయకపోతే ఒక సంచిల వేసి పెట్టు. బతుకమ్మ పండుగకు వచ్చేటప్పుడు పట్టుకరా. మైదాపిండి లై నేను ఉడకబెడ్త, ఇద్దరం కూసొని అతుకుదాం.

మీ
తాత