తీగా, బ్యాటరీయా, హైడ్రోజనా: రైలు ఇంధన వివాదం వెనుక 1950ల నాటి మలుపు

జర్మనీలోని లోయర్ సాక్సనీ రాష్ట్రం 2022లో ఒక ప్రాంతీయ మార్గంలో డీజిల్ రైళ్లకు బదులు 14 హైడ్రోజన్ రైళ్లను ప్రవేశపెట్టింది. ఏడాది తిరిగేసరికి అదే రాష్ట్రం, నడపడానికయ్యే ఖర్చు తక్కువన్న కారణంతో, మిగిలిన డీజిల్ రైళ్ల స్థానంలో బ్యాటరీ రైళ్లు కొంటామని ప్రకటించింది. పట్టాలపైన కరెంటు తీగలు లేని మార్గాల్లో డీజిల్‌కు ప్రత్యామ్నాయం ఏమిటన్న వాదన మళ్లీ రాజుకుంది. ఆవిరి నుంచి డీజిల్‌కు మారిన కథ తెలిసినదే. ఈ వాదనను నిజంగా వివరించేది 1950లలో ఫ్రాన్స్‌లో వచ్చిన మార్పు.

అంతవరకూ విద్యుత్ రైలు నడపాలంటే రైల్వేకు దాదాపు సొంత విద్యుత్ వ్యవస్థే ఉండాలి. 1500 వోల్టుల డీసీ (ఒకే దిశలో ప్రవహించే విద్యుత్తు) పద్ధతిలో కరెంటు భారీగా ప్రవహిస్తుంది కనుక లావైన రాగి తీగలు, దగ్గర దగ్గరగా సబ్‌స్టేషన్లు తప్పనిసరి. జర్మనీ, స్విట్జర్లాండ్ 15 వేల వోల్టుల ఏసీని (దిశ మారుతూ ప్రవహించే విద్యుత్తును) ఎంచుకున్నా, ఆనాటి మోటార్లు సాధారణ సరఫరాలోని 50 హెర్ట్జ్‌కు, అంటే సెకనుకు 50 ఆవృత్తుల పౌనఃపున్యానికి, ఒదగకపోవడంతో అందులో మూడో వంతు పౌనఃపున్యం గల విద్యుత్తును ప్రత్యేకంగా తయారు చేసుకోవలసి వచ్చింది. 50 హెర్ట్జ్‌తో రైలు నడిపే ప్రయోగం జర్మనీలోని హోలెంటాల్ మార్గంలో 1936లోనే మొదలైంది. యుద్ధం తరువాత ఆ ప్రాంతం ఫ్రెంచి అధీనంలోకి రావడంతో దాని ఫలితాలను ఫ్రెంచి ఇంజినీర్లు దగ్గరగా పరిశీలించగలిగారు. ఫ్రెంచి రైల్వే సారథి లూయీ ఆర్మాన్ చొరవతో ఆల్ప్స్ ప్రాంతంలో పరీక్షలు జరిపి, 1950ల మధ్యలో బొగ్గు, ఉక్కు రవాణాతో కిక్కిరిసిన వాలన్సియెన్–థియోన్‌విల్ మార్గంలో 25 వేల వోల్టుల, 50 హెర్ట్జ్ పద్ధతిని అమలు చేశారు. ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయర్‌ను ఇంజన్‌లోనే అమర్చడం ఈ విజయానికి కీలకం. అందరూ వాడే గ్రిడ్ నుంచే రైలుకు విద్యుత్తు అందింది, తీగ సన్నబడింది, సబ్‌స్టేషన్ల మధ్య దూరం పెరిగింది.

బ్యాటరీ రైలు ఈ వారసత్వాన్ని నేరుగా వాడుకుంటుంది: తీగ ఉన్నచోట నడుస్తూనే చార్జి చేసుకుని, లేనిచోట ఆ నిల్వతో సాగుతుంది. హైడ్రోజన్ మాత్రం రైల్వేను మళ్లీ ప్రత్యేక సరఫరా వ్యవస్థ వైపు నడిపిస్తుంది. పైగా విద్యుత్తుతో నీటిని విడగొట్టి, ఆ వాయువును పీడనంతో నింపి, ఫ్యూయల్ సెల్‌లో తిరిగి విద్యుత్తుగా మార్చేసరికి మొదటి శక్తిలో మూడో వంతుకు అటూ ఇటూగా మాత్రమే చక్రాలకు చేరుతుంది. ఒక్కసారి నింపితే వెయ్యి కిలోమీటర్ల దాకా నడుస్తుందని, నింపడం త్వరగా ముగుస్తుందని దాని సమర్థకులు చెబుతారు, అది నిజమే. అయితే తీగ ఉన్న పెద్ద స్టేషన్ నుంచి బయలుదేరి, కొన్ని పదుల కిలోమీటర్లు వెళ్లి తిరిగివచ్చే ప్రాంతీయ రైలుకు అంత దూరం అవసరం లేదు. రోజుకు రెండు మూడు బరువైన గూడ్స్ రైళ్లే నడిచే, వందల కిలోమీటర్ల పొడవున తీగ లేని మార్గాల్లో తీగ ఖర్చు గిట్టుబాటు కాదు, బ్యాటరీ చాలదు. హైడ్రోజన్ వాదనకు బలం ఉన్నది అక్కడ.