చంద్రగిరి కోటలో ఆటాపాటా: అపోహలు - వాస్తవాలు

పాత కట్టడాలకు మరమ్మతులు చేయడం నా వృత్తి. తిరుపతిలో ఉండి ఈ పని చేస్తున్నాను కాబట్టి ఎవరు కలిసినా మాట చంద్రగిరి మీదికే మళ్లుతుంది. "రాజమహల్ ముందర అంత చోటుంది, నాట్యోత్సవాలు పెడితే ఎంత బాగుంటుంది" అంటారు కొందరు. "ఉన్న కోటను కూడా కూలగొట్టుకుందామా" అంటారు ఇంకొందరు. ఇద్దరికీ కోట మీద ప్రేమే. కానీ ఇద్దరూ నమ్మేవాటిలో కొన్ని నిజం కావు.

అపోహ: కోట వెయ్యేళ్లది, కాబట్టి రాజమహల్ కూడా వెయ్యేళ్లదే.

కోటకు పునాది వేసింది యాదవరాయలని, అది సుమారు 1000వ సంవత్సరం నాటి మాటని చెబుతారు. ఇప్పుడు మనం చూసే మహళ్లు మాత్రం విజయనగర కాలానివి. సాళువ నరసింహుడు చంద్రగిరి నుంచి ఏలుతూ ఎదిగి, 1485లో విజయనగర సింహాసనం ఎక్కాడు. 1565లో తళ్లికోట యుద్ధంలో ఓడాక రాజధాని పెనుకొండకు చేరింది. అక్కడి నుంచి వెంకటపతిరాయలు 1592లో దాన్ని ఇక్కడికి తెచ్చాడు. మహళ్ల కమానులూ, పైన గోపురాల్లాంటి శిఖరాలూ చూస్తే హిందూ, ఇస్లామిక్ సంప్రదాయాలు రెండూ కలిసిన ఆ కాలపు శైలి తెలిసిపోతుంది.

మద్రాసు కోటకు స్థలమిచ్చిన కాగితం మీద ఈ రాజమహల్లోనే సంతకం జరిగిందని చెబుతుంటారు, దాని గురించి కూడా ఒక మాట. 1639లో ఈస్టిండియా కంపెనీకి ఆ స్థలం ఇచ్చింది స్థానిక పాలకుడు దామెర్ల వెంకటాద్రి నాయకుడు. విజయనగర రాజు శ్రీరంగరాయలు 1645లో మళ్లీ పట్టా ఇచ్చాడు. ఈ రెంటినీ కలిపేసి ఒకే రోజు, ఒకే గదిలో జరిగిన కథగా చెప్పడం సరికాదు.

అపోహ: రాణీమహల్లో రాణులు ఉండేవారు.

పేరు అలా స్థిరపడిపోయింది. పురావస్తు శాఖ మాత్రం అది సేనాపతి నివాసమనీ, కింది అంతస్తు గుర్రాలశాల అనీ భావిస్తోంది.

అపోహ: సున్నం పాతబడింది, సిమెంటు పూస్తే కోట గట్టిపడుతుంది.

నన్ను అన్నిటికంటే బాధపెట్టే మాట ఇదే. రాజమహల్ మూడంతస్తుల్లో ఎక్కడా కలప వాడలేదు. దూలం లేదు, వాసం లేదు. రాయి, ఇటుక, సున్నం, అంతే. బరువంతా కమానుల మీదుగా గోడల్లోకి దిగుతుంది. ఇలాంటి గోడ నేలలోని తేమను కొంత పీల్చుకుని, మళ్లీ సున్నపు పూత గుండా బయటికి వదిలేస్తుంది. దాని మీద సిమెంటు పూస్తే ఆ దారి మూసుకుపోతుంది. తేమ పక్కకు తిరిగి, సిమెంటు అంచున ఉన్న పాత సున్నంలోంచి బయటపడుతుంది. దాంతోపాటు వచ్చే లవణాలు అక్కడే గడ్డకట్టి పూతను లోపలి నుంచి నెడతాయి.

పాత గోడకు సిమెంటు అతుకు ఎక్కడ కనిపించినా దగ్గరికెళ్లి చూడండి. అతుకు చెక్కుచెదరకుండా ఉంటుంది. దాని చుట్టూ జానెడు మేర తెల్లటి పొడి తేలి ఉంటుంది. చేత్తో తుడిస్తే పిండిలా రాలుతుంది. వేలి కణుపుతో తడితే డొల్ల శబ్దం వస్తుంది. మరో రెండు వానాకాలాలకు ఆ పూత ఊడి ఇటుక బయటపడుతుంది. "సిమెంటు వేసిన చోట బాగానే ఉంది కదా సార్" అంటారు. ఆ చోటు బాగుండటానికి పక్క చోటు బలైపోయింది.

సున్నం పనికి తొందర పనికిరాదు. సున్నం రాయి కాల్చి, నీళ్లలో చల్లార్చి, రోజుల తరబడి నానబెట్టి, ఇసుకతో కలిపి గానుగలో రుబ్బాలి. కరక్కాయ, బెల్లం నానేసిన నీళ్లు కలపడం మన వైపు మేస్త్రీలకు అలవాటే. కోటల గురించి చెప్పేటప్పుడు గుడ్డుసొన కథే అందరి నోటా వినిపిస్తుంది కానీ, అసలు బలం రుబ్బడంలో, పలుచటి పొరలుగా పూసి తడి తగ్గకుండా చూసుకోవడంలో ఉంది. సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుని నిదానంగా రాయిగా మారుతుంది. దానికి నెలలు పడుతుంది. టెండరు గడువు అంతకాలం ఆగదు, సిమెంటు బస్తాలు దిగేది అందుకే.

అపోహ: రక్షిత కట్టడంలో కార్యక్రమాలు పూర్తిగా నిషేధం.

నిషేధం కాదు, అనుమతి కావాలి. పురాతన కట్టడాల రక్షణకు చేసిన 1958 చట్టం కింద 1959లో వచ్చిన నిబంధనల ప్రకారం, కేంద్ర ప్రభుత్వ రాతపూర్వక అనుమతి లేకుండా రక్షిత కట్టడంలో సభలు, విందులు, వినోద కార్యక్రమాలు పెట్టకూడదు. ఆచారంగా వస్తున్న మతపరమైన కార్యక్రమాలకు మినహాయింపు ఉంది. కట్టడాన్ని పాడుచేస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. చుట్టూ 100 మీటర్లలో కొత్త నిర్మాణం కూడదు. ఆపైన 200 మీటర్లలో అనుమతితోనే కట్టాలి.

పైగా చంద్రగిరి ఇప్పటికే సాంస్కృతిక వేదిక. రాజమహల్లో పురావస్తు మ్యూజియం ఉంది. గుడిమల్లం, గండికోట, యాగంటి నుంచి తెచ్చినవి అందులో చూడొచ్చు. సాయంత్రం సౌండ్ అండ్ లైట్ షో కోసం జనం వచ్చిన కోట ఇది. బయట చూస్తే ఖజురహోలో 1975 నుంచి నాట్యోత్సవం జరుగుతోంది. కోణార్క్‌లో గుడికి దూరంగా ఆరుబయలు రంగస్థలం కట్టి, గుడి వెనక కనిపించేలా నాట్యం చేస్తారు. నాకు నచ్చేది ఈ రెండో పద్ధతి.

అపోహ: జనం వస్తే కోట దెబ్బతింటుంది.

జనం కంటే వాళ్ల కోసం చేసే ఏర్పాట్లే దెబ్బతీస్తాయి. బ్యానరు కట్టడానికి కమాను నడిమి ఇటుకల సందులో మేకు దిగుతుంది. భోజనాల దగ్గర చేతులు కడిగిన నీళ్లు గోడ మొదట్లోకే పారతాయి. అందం కోసం గోడను ఆనుకుని పచ్చిక పెంచి రోజూ నీళ్లు పెడతారు. సున్నపు కట్టడానికి నీళ్లను మించిన శత్రువు లేదు. రాత్రంతా గోడకేసి దీపాలు వెలిగితే పురుగులు, వాటి కోసం బల్లులు, గబ్బిలాలు చేరతాయి. వాటి రెట్టలు పూతకు అంటుకుపోతాయి. పెద్ద బేస్ స్పీకర్లను గోడవైపు తిప్పిపెడితే అప్పటికే డొల్లగా ఉన్న పూత అదిరి రాలుతుంది.

వీటన్నిటికీ విరుగుడు ఉంది. దీపాలు, స్పీకర్లు ఇసుక మూటలతో నిలబెట్టిన స్టాండ్ల మీదే ఉండాలి. గోడకు ఏ తీగా తగలకూడదు. వంట, చేతులు కడగడం కోట ప్రాకారానికి బయట. పై అంతస్తుల్లోకి ఒక్కసారిగా ఎంతమందిని పంపాలో ముందే లెక్క కట్టాలి. మెట్లు ఇరుకు కాబట్టి ఆ లెక్క జనం భద్రతకూ ముఖ్యమే.

మన జిల్లాల్లో ద్రౌపదమ్మ తిరునాళ్లప్పుడు భారతమిట్ట మీద రాత్రంతా నాటకం ఆడతారు. మట్టినేల, నాలుగు దీపాలు, చుట్టూ జనం. గోడతో పని లేదు, మేకుతో పని లేదు. తెల్లారి దుర్యోధన వధ అయ్యాక మిట్ట మళ్లీ ఎప్పటి మిట్టే. చంద్రగిరిలో ఉత్సవం పెట్టాలనుకునేవాళ్లు వేదిక కంపెనీతో మాట్లాడే ముందు ఈ నాటక సమాజాల వాళ్లను పిలిచి అడగాలని నా కోరిక. ఖాళీ నేలలో ఆట ఎలా కట్టాలో వాళ్లకు తెలుసు.