నీళ్లు పనిచేసే నేల

కైకలూరు, ఆకివీడు వైపు నుంచి ఐసులో సర్దిన శీలావతి, బొచ్చె పెట్టెలతో కదిలే లారీలు బెంగాల్ దారి పట్టడం మనకు కొత్త కాదు. హౌరా మార్కెట్లో ఆంధ్రా చేపకు దశాబ్దాలుగా గిరాకీ ఉంది. ఆ కోల్‌కతా బజార్లకే నగరం తూర్పు అంచు నుంచి ఇంకో చేప వస్తుంది. అది నగరం వదిలిన మురుగునీటిలో పెరిగిన చేప. మన కొల్లేరూ, ఆ చేప పెరిగే తూర్పు కోల్‌కతా చిత్తడి నేలలూ 2002 ఆగస్టు 19న, ఒకే రోజున, అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల రామ్‌సార్ జాబితాలో చేరాయి. చిత్తడి నేలను పూడ్చి వ్యాపార కట్టడాలు కట్టుకోవచ్చని సర్కారు అనుమతి ఇచ్చేటప్పుడు ఆ కాగితానికి ఎక్కనిదేమిటో తెలియాలంటే ముందు కోల్‌కతా వెళ్లాలి.

కోల్‌కతాకు పడమర హుగ్లీ నది ఉన్నా నగరం వాలు నది వైపు లేదు. వరద వచ్చినప్పుడల్లా నది తన గట్టు పక్కనే ఒండ్రు వదులుతుంది కాబట్టి నది ఒడ్డు మెరక, దూరం పోయేకొద్దీ పల్లం. అందుకే నగరం మురుగంతా తూర్పుకే పారుతుంది. ఒకప్పుడు అది బిద్యాధరి నదిలో కలిసి సముద్రానికి పోయేది. ఆ నది పూడిపోయింది, 1928లో అది చచ్చిపోయిన నది అని ప్రకటించారు. మురుగును కుల్టీ అనే మరో ఏటికి మళ్లించాల్సి వచ్చింది. ఉప్పునీరు రావడం ఆగిపోయిన ఆ పల్లపు నేలల్లో జాలరులు మురుగు కాలువకు గండి పెట్టి, ఆ నీటిని తమ చెరువుల్లోకి తీసుకోవడం మొదలుపెట్టారు. ఆ చెరువుల్ని అక్కడ భేరీలంటారు.

శీతకాలంలో భేరీలో నీళ్లు తీసేస్తారు. అడుగు బురదను ఎండనిచ్చి, దున్ని, మళ్లీ మురుగునీరు పెడతారు. చేపపిల్లను వెంటనే వేయరు. కొన్ని రోజులు నీటిని ఎండకు వదిలి, వెదురు కర్రలతో కలియబెడుతూ ఉంటారు. నల్లటి నీరు ఆకుపచ్చకు తిరిగాకే పిల్లను వదులుతారు. ఆ రంగు మారేలోపు నీటిలో చాలా పని జరిగిపోతుంది.

మురుగులోని సేంద్రియ పదార్థాన్ని బ్యాక్టీరియా తినేస్తుంది. అలా తినడానికి దానికి ఆక్సిజన్ కావాలి. మామూలు శుద్ధి కేంద్రంలో ఆ ఆక్సిజన్ కోసం పగలూ రాత్రీ మోటార్లు తిప్పి గాలి కొడతారు, కరెంటు బిల్లులో పెద్ద భాగం అక్కడే పోతుంది. భేరీలో ఆ పని నాచు చేస్తుంది. బ్యాక్టీరియా వదిలిన కార్బన్ డయాక్సైడ్‌నూ, మురుగులోని నత్రజనినీ, భాస్వరాన్నీ వాడుకుని ఎండలో ఆహారం తయారు చేసుకుంటూ నాచు ఆక్సిజన్ వదులుతుంది. దాంతో బ్యాక్టీరియా మళ్లీ పని అందుకుంటుంది. పెరిగిన నాచునూ, దాన్ని తినే సూక్ష్మ జీవులనూ చేప తింటుంది. చేపను జాలరి పట్టేస్తాడు కాబట్టి మురుగులోని పోషకాల్లో కొంత భాగం ప్రతిరోజూ ఆ నీటి నుంచి బయటికి వెళ్లిపోతుంది. ఇంకో సంగతి కూడా ఉంది. మధ్యాహ్నానికి నాచు నీటిలోని కార్బన్ డయాక్సైడ్‌ను లాగేసి నీటి క్షారగుణం పెంచుతుంది. ఆ క్షారం, పైనుంచి పడే అతినీలలోహిత కిరణాలు కలిసి మనిషి పేగుల్లోంచి వచ్చిన బ్యాక్టీరియాను చంపేస్తాయి. లోతు తక్కువ కాబట్టే ఇదంతా సాధ్యం. నాలుగు మీటర్ల లోతుండే చెరువులో అడుగుకు ఎండ అందదు, అక్కడ కుళ్లు మిగిలిపోతుంది.

రోజుకు దాదాపు 75 కోట్ల లీటర్ల మురుగు ఈ పద్ధతిలో శుభ్రపడుతుందనీ, ఏటా 10,000 టన్నులకు పైగా చేప వస్తుందనీ లెక్క. భేరీ దాటిన నీరు కింద వరి చేలకు పోతుంది. గట్ల వెంట కావాలనే పెంచే గుర్రపుడెక్క అలల దెబ్బకు గట్టు కోసుకుపోకుండా కాస్తుంది, నీటిలోని భార లోహాల్ని కొంత పీల్చుకుంటుంది. ఈ వ్యవస్థ అన్నింటినీ శుభ్రం చేస్తుందని మాత్రం నేను చెప్పను. ఇళ్ల మురుగు వేరు, తోళ్ల పరిశ్రమ వదిలే క్రోమియం వేరు. లోహాన్ని బ్యాక్టీరియా తినలేదు, అది బురదలో పేరుకుంటుంది. ఆ తప్పు చిత్తడి నేలది కాదు, అలాంటి వ్యర్థాన్ని అందులోకి వదిలిన వాళ్లది.

ఇదంతా జాలరులకు తరతరాలుగా తెలిసిన విద్య. ప్రభుత్వ కాగితాల్లోకి మాత్రం 1980ల దాకా ఎక్కలేదు. రాష్ట్ర ప్రభుత్వ ఇంజినీరు ధ్రువజ్యోతి ఘోష్ నగరం మురుగు ఎక్కడికి పోతోందో చూద్దామని కాలువ వెంట నడుచుకుంటూ వెళ్లి ఈ చెరువుల దగ్గర తేలారు. జాలరుల దగ్గర కూర్చుని నేర్చుకున్నారు, ఆ ప్రాంతానికి పటం గీశారు. 1990లో ఆయనకు ఐక్యరాజ్యసమితి గ్లోబల్ 500 పురస్కారం దక్కింది. 2018లో కన్నుమూశారు. ఆయన గీసిన పటం మాత్రం ఓ పెద్ద వివాదాన్ని తేల్చింది.

అప్పటికే నగరం తూర్పుకు జరగడం మొదలై చాలా కాలమైంది. 1962 నుంచి హుగ్లీ అడుగు ఒండ్రును నీటితో కలిపి పైపుల్లో తోడి, ఉప్పుచెరువుల్ని పూడ్చి సాల్ట్ లేక్ అనే కొత్త ఊరిని కట్టారు. ఆ తర్వాత మిగిలిన చిత్తడిలో 227 ఎకరాలు ప్రపంచ వాణిజ్య కేంద్రానికి ఇవ్వాలన్న ప్రతిపాదన వచ్చింది. పబ్లిక్ అనే పౌర సంస్థ కలకత్తా హైకోర్టుకు వెళ్లింది. 1992లో జస్టిస్ ఉమేశ్ చంద్ర బెనర్జీ తీర్పు చెప్పారు. పటంలో చూపిన ప్రాంతంలో ఇక పూడ్చవద్దనీ, సాగు భూమిని నివాసానికో వ్యాపారానికో మార్చుకునేందుకు ఎవరికీ అనుమతి ఇవ్వవద్దనీ ప్రభుత్వాన్ని ఆదేశించారు. కట్టేవాడిని మాత్రమే ఆపి ఊరుకోకుండా, అనుమతి ఇచ్చే చేతిని కూడా ఆపిన తీర్పు అది. ఇప్పుడు రామ్‌సార్ హోదా ఉన్న 12,500 హెక్టార్లు చాలావరకు ఆ పటం పుణ్యమే.

227 ఎకరాల సంగతే తీసుకుందాం. ఒక ఎకరం మీద ఒక మీటరు లోతున నీళ్లు నిలిస్తే సుమారు 40 లక్షల లీటర్లు. 227 ఎకరాలకు దాదాపు 92 కోట్ల లీటర్లు. అక్కడ మట్టి తోలి మెరక చేస్తే ఆ నీళ్లు మాయమైపోవు. పక్కన ఏది పల్లమైతే అక్కడికి పోతాయి, అక్కడ ఇళ్లుంటే ఇళ్లలోకే పోతాయి. మెరక చేసిన వాడికి వాన రోజు కూడా పొడిగానే ఉంటుంది. తడిసేది పొరుగువాడు. పైగా మెరక మీద పడిన వాన ఇంకదు, కాంక్రీటు దాన్ని నిమిషాల్లో కాలువలోకి తోసేస్తుంది. ఒక్క ఎకరం మీద 100 మిల్లీమీటర్ల వాన పడితే 4 లక్షల లీటర్లు. చిత్తడి నేల ఆ నీటిని రోజుల తరబడి పట్టి ఉంచి మెల్లగా వదిలేది.

అనుమతి కోరే ప్రతి దరఖాస్తులోనూ పూడ్చే నేల చిన్న ముక్కే. అయిదు ఎకరాల వెంచర్ వల్ల సరస్సు మట్టం ఎంత పెరుగుతుందని లెక్కిస్తే కొలవలేనంత తక్కువ వస్తుంది. ఆ జవాబులో అబద్ధం లేదు. అలాంటి నిజాలు రెండు వందలు పోగైతే సరస్సు ఉండదు. ఏ ముక్కకా ముక్క విడిగా చూసే పద్ధతిలోనే ఈ లోపం ఉంది, దీన్ని సరిదిద్దకుండా ఎంత నిజాయితీ గల అధికారిని కూర్చోబెట్టినా ఫలితం మారదు.

ఇక్కడే కొల్లేరును తలుచుకోవాలి. కోల్‌కతాలో చిత్తడిని కాపాడింది చేపల చెరువు. కొల్లేరు గొంతు నొక్కింది కూడా చేపల చెరువే. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఉన్న కొల్లేరుకు బుడమేరు, తమ్మిలేరు లాంటి ఏళ్లు వరద తెస్తాయి, ఉప్పుటేరు దాన్ని సముద్రానికి మోస్తుంది. ఆ దారిలో ఎత్తైన గట్లు కట్టి చెరువులు తవ్వేసరికి నీరు పరుచుకునే చోటు పోయింది. 1999లో +5 కంటూరు వరకు, అంటే సముద్ర మట్టానికి అయిదు అడుగుల ఎత్తు గీత దాకా, 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో అందులోని చెరువుల గట్లు తెంచారు. చేప మంచిదా చెడ్డదా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. నీటికి పరుచుకునే చోటూ, కదిలే దారీ ఉన్నాయా అన్నదే చూడాలి. 2024 సెప్టెంబరులో విజయవాడ కాలనీలను ముంచిన బుడమేరు చేరాల్సింది ఈ కొల్లేటికే.

ఇక్కడ పూడ్చి, మరోచోట కొత్తగా చిత్తడిని తయారు చేస్తే సరిపోదా? అమెరికా 1980ల చివర్లో ఆ విధానమే పెట్టుకుంది. ముందు పూడ్చకుండా తప్పించుకోవాలి, కుదరకపోతే తగ్గించాలి, అదీ కుదరకపోతే పరిహారంగా ఇంకోచోట చిత్తడి నేల సృష్టించాలి. 2012లో కొందరు శాస్త్రవేత్తలు అనేక దేశాల్లో ఇలా పునరుద్ధరించిన, కొత్తగా చేసిన 621 చిత్తడి నేలల్ని పరిశీలించారు. శతాబ్దం గడిచినా వాటి జీవ నిర్మాణం సహజమైన వాటికన్నా సగటున 26 శాతం, కార్బన్‌ను నిలవ చేయడం లాంటి నేల పనులు 23 శాతం తక్కువగానే ఉన్నాయి. గుంట తవ్వి నీళ్లు నింపడం వారం పని. గాలి అందని బురదలో ఏటా కొద్దికొద్దిగా పేరుకునే సేంద్రియ కార్బన్‌కు ఆ తొందర పనికిరాదు.

శ్రీకాకుళం జిల్లా సోంపేటలో ఇలాంటి నేలను బీల అంటారు. వరి, తామర, చేపలు, పశువుల మేత, ఎత్తిపోతల నీళ్లు, అన్నీ అక్కడే. కాగితాల్లో అది పనికిరాని భూమి అయింది. అక్కడ 2,640 మెగావాట్ల థర్మల్ విద్యుత్ కేంద్రానికి అనుమతులు వచ్చాయి. 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో ఆ బీల రైతులు ప్రాణాలు కోల్పోయారు. అదే రోజున జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్రాజెక్టు పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. ఆ తీర్పు ఒక్క వారం ముందు వచ్చి ఉంటే అన్న ఆలోచన నన్ను ఇప్పటికీ వదలదు.

చట్టం కూడా మాటల దగ్గరే జారిపోతుంది. 2017 నాటి చిత్తడి నేలల నియమాలు పూడ్చడాన్నీ, ఇతర అవసరాలకు మార్చడాన్నీ నిషేధించాయి. అయితే సాగునీటి కోసం, తాగునీటి కోసం మనిషి కట్టిన చెరువుల్ని చిత్తడి నేల నిర్వచనం నుంచి తప్పించాయి. తెలుగు నేల మీద గొలుసుకట్టు చెరువులన్నీ మనిషి కట్టినవే. వాటిలో బాతులు దిగుతాయి, భూగర్భజలం ఊరుతుంది, వరద ఆగుతుంది. ఆ నియమాల లెక్కలో అవి చిత్తడి నేలలు కావు.

ఒక స్థలం చిత్తడి నేలా కాదా అని వేసవిలో వెళ్లి చూస్తే పగుళ్లిచ్చిన మైదానం కనబడుతుంది, మేకలు మేస్తుంటాయి. అప్పుడు ఒక మూరెడు లోతు గుంట తవ్వించాలి. ఎక్కువ కాలం నీళ్లు నిలిచే నేలలో ఆక్సిజన్ అయిపోతుంది, అక్కడి బ్యాక్టీరియా ఇనుము మీద పడుతుంది. ఎర్రటి ఇనుము రూపం మారి నీటిలో కరిగిపోతుంది, మట్టి బూడిద రంగుకు తిరుగుతుంది. వరి వేర్ల వెంట, తుంగ వేర్ల వెంట గాలి దిగిన చోట మాత్రం తుప్పు రంగు చారలు మిగులుతాయి. ఇది ఒక్క వానాకాలంలో వచ్చే రంగు కాదు, ఒక్క వేసవిలో పోయేదీ కాదు. పైన ఎంత ఎండినా, సర్వే నంబరు ఎదుట ఏ మాట రాసి ఉన్నా, పార తీసిన ఆ బూడిద రంగు పెళ్లలో తుప్పు చారలు కనిపిస్తే నీళ్లు అక్కడ ఏళ్ల తరబడి కాపురమున్నట్టే.