మంచం పక్కన లాంగ్ నోట్‌బుక్

శ్రీకాకుళంలో మా పెద్దమ్మ మంచం పట్టినప్పుడు, పక్కన స్టూలు మీద ఒక లాంగ్ నోట్‌బుక్ ఉండేది. హోమ్ నర్సింగ్ ఏజెన్సీ పంపిన అమ్మాయి అందులో బీపీ, షుగరు, మూత్రం లెక్క రాసేది. ఒకరోజు వెనక పేజీలు తిరగేశాను. వరసగా తొమ్మిది రోజులు పొద్దుటి బీపీ 130/80. అంకెలన్నీ ఒకే పెన్నుతో, ఒకేసారి కూర్చుని రాసినట్టున్నాయి. అడిగితే ఆ అమ్మాయి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మెషిన్ పాడైందని ఏజెన్సీకి ఫోన్ చేసిందట. "ఖాళీ వదలకు, పాతదే రాసెయ్, బిల్లు ఆగిపోద్ది" అన్నారట. రాసింది ఆమే, రాయించింది వేరేవాళ్ళు.

ఈ గొడవ మా ఇంట్లో పుట్టింది కాదు. ఆసుపత్రిలో కేస్ షీటు చాలామంది చేతులు మారుతుంది. డ్యూటీ మారేటప్పుడు హ్యాండోవర్ ఉంటుంది, హెడ్ నర్స్ చూస్తుంది, రౌండ్స్‌లో డాక్టరు అడుగుతాడు. ఇంట్లో అడిగేవాళ్ళు ఉండరు. మన ఊళ్ళలో ఇంటింటికీ తిరిగి రిజిస్టరు రాసేవాళ్ళు ఏఎన్ఎంలు, అంటే సర్కారు ఆరోగ్య కార్యకర్తలు. వాళ్ళ పైన సూపర్‌వైజర్, పీహెచ్‌సీ డాక్టరు ఉండేవారు. 2016లో ఆ రాతలు ట్యాబ్‌లోకీ ఎక్కాయి. ప్రైవేటు హోమ్ నర్సింగ్ మాత్రం ఆ దారిలో రాలేదు. పిల్లలు హైదరాబాద్, బెంగళూరు, అమెరికా వెళ్ళిపోయి పెద్దవాళ్ళు ఊళ్ళో మిగిలాక, ఆ అవసరమే దాన్ని పెంచింది.

నర్సుల చదువుకీ రిజిస్ట్రేషన్‌కీ 1947 నుంచి చట్టం ఉంది. దాని స్థానంలో 2023లో నేషనల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం వచ్చింది. మూడేళ్ళు జనరల్ నర్సింగ్ చదివిన జీఎన్ఎం, రెండేళ్ళు చదివిన ఏఎన్ఎం ఆ లెక్కలోకి వస్తారు. ఇంటికి వచ్చేవాళ్ళలో కొందరు ఆ రెండూ కాని కేర్‌టేకర్లు. అందరినీ మనం "సిస్టర్" అనే పిలుస్తాం. ఇన్సులిన్ డోసు పక్కన సంతకం చేసే అర్హత ఎవరికుందో ఆ పిలుపులోనే కలిసిపోయింది.

ఈ దొంగ రాత ఎంత ప్రాణం మీదకు వస్తుందో మా జిల్లాలోని ఉద్దానంలో తెలుస్తుంది. కవిటి, సోంపేట, కంచిలి వైపు కిడ్నీ జబ్బు లేని వీధి అరుదు. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి మొదలైంది. కానీ పొట్టలోకి ద్రవం ఎక్కించి తీసే సీఏపీడీ అనే డయాలసిస్ మీద ఉన్న మనిషికి వైద్యం ఇంట్లోనే, రోజుకి మూడు నాలుగు మార్లు. ఎంత ఎక్కించారు, ఎంత బయటికొచ్చింది, బరువెంత, వచ్చిన నీళ్ళు తేటగా ఉన్నాయా మసగ్గా ఉన్నాయా, అన్నీ రాయాలి. మసక అంటే లోపల ఇన్ఫెక్షన్ అయ్యుండొచ్చు. అక్కడ "తేట" అని ఊరికే రాస్తే, డాక్టరు ఆ మాటనే నమ్మి మందు ఆలోచిస్తాడు.

1995లో డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తర్వాత కాగితానికి విలువ పెరిగింది. నా దృష్టిలో అది రోగి కోసం కన్నా కేసు భయం కోసం పెరిగింది. అందుకే వైట్‌నర్లు, వెనక తేదీలు. మరిచిపోతే సరైన పద్ధతి తేలికే: ఇప్పటి తేదీ, టైము వేసి "ఆలస్యంగా రాస్తున్నాను" అని రాయడం. తప్పు పడితే చదవడానికి వీలుగా ఒక్క గీత కొట్టి సంతకం పెట్టడం.

నర్సు తన బాధ రాసుకోడానికి ఆ నోట్‌బుక్‌లో చోటు లేదు. రోగి కొడుకు చెయ్యి పట్టుకుంటే అదే కుటుంబం చదివే పుస్తకంలో ఎలా రాస్తుంది? 2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం ఇంటిని కూడా పనిచోటు కిందే లెక్కేసింది. పది మందికన్నా తక్కువ పనిచేసే చోట్లవాళ్ళ కోసం జిల్లాలో స్థానిక కమిటీ ఉండాలంది. ఆ సంగతి మా ఇంటికి వచ్చిన అమ్మాయికి ఎవరూ చెప్పలేదు.

మర్నాడు ఆమె "బీపీ చూడలేదు, మెషిన్ పనిచెయ్యలేదు" అని రాసింది. ఆ తర్వాత రోజూ అదే రాసింది. వారం తిరక్కుండా ఏజెన్సీ ఇంకొకరిని పంపింది. కొత్తమ్మాయి నోట్‌బుక్ చేతిలోకి తీసుకుని మొదట అడిగిన మాట: "ఇంతవరకూ ఎలా రాసేవారండీ?"