వట్టివేళ్ల మూట

చిన్నీ, బుజ్జీ,

"అమ్మమ్మా, మీ ఇంట్లో మంచినీళ్లకి ఆ వాసన ఎక్కడిది?" అని మొన్న అడిగారు కదా. ఫోన్లో చెబితే సగం మర్చిపోతారని ఉత్తరం రాస్తున్నాను.

అవి వట్టివేళ్ల నీళ్లర్రా. వట్టివేళ్లంటే మంచి వాసనుండే ఒక రకం గడ్డి వేర్లు. పిడికెడు వేళ్లు తెచ్చి, మట్టి పోయేదాకా మూడు నాలుగు సార్లు కడిగి, పల్చటి గుడ్డలో మూటగట్టి కుండలో వేస్తాను. రాత్రి వేస్తే తెల్లారేసరికి తొలకరి వాన వాసన పట్టేస్తుంది. రెండు రోజులకోసారి వేళ్లు తీసి ఎండబెట్టి మళ్లీ వాడతాను. వాసన తగ్గాక మందార మొక్క మొదట్లోకి. చల్లదనం మాత్రం కుండది. మట్టిలోని సన్నటి రంధ్రాల్లోంచి చెమ్మ బయటికొచ్చి ఆవిరవుతూ లోపలి వేడిని లాక్కుపోతుంది. అందుకే కుండకి గాలి తగలాలి. అందం కోసం రంగులేశారో, ఇక చల్లబడదు.

మీ ఫ్లాట్లో కుండ లేకపోతే గాజు సీసా చాలు. లీటరు నీళ్లకి కీరదోస నాలుగైదు చక్రాలు, పుదీనా ఆరేడు ఆకులు. పుదీనాని పిసకొద్దు, పసరు కంపు వస్తుంది. అరచేతిలో పెట్టుకుని ఒక్క చప్పట కొట్టండి. ఆకు మీద కంటికి ఆనని నూనె తిత్తులుంటాయి, ఆ దెబ్బకి పగులుతాయి. చెయ్యి వాసన చూసుకోండి, మీకే తెలుస్తుంది. రెండు గంటలు ఫ్రిజ్‌లో ఉంచితే సరి.

నిమ్మకాయ దగ్గర నేనే బోల్తాపడ్డాను. పోయిన ఎండాకాలం చుట్టాలొస్తున్నారని రాత్రే నిమ్మ చక్రాలు జగ్గులో వేసి పడుకున్నాను. పొద్దున్నే మీ తాతయ్య ఒక గుక్క తాగి, "ఇందులో వేపాకు గానీ వేశావా?" అన్నారు. తొక్క కింది తెల్లపొర, గింజలు అంతసేపు నానితే చేదు దిగుతుంది మరి. గింజలు ముందే తీసెయ్యండి, ముక్కలు గంటలో తీసెయ్యండి. తొక్కతో వేస్తాం కాబట్టి కాయని బాగా రుద్ది కడగాలి. రాగి చెంబులో మాత్రం నిమ్మ వద్దేవద్దు, పులుపుకి రాగి నీళ్లలోకి దిగుతుంది.

ఇది జ్యూస్ కాదని ముందే చెబుతున్నా. పుచ్చకాయ ముక్కలు వేసినా తీపి అంతంతమాత్రమే, నీళ్లకి అంటేది ముఖ్యంగా వాసనే. "ఇందులో ఏం లేదు" అని బుజ్జిగాడు మూతి తిప్పుతాడు, నాకు తెలుసు. వాడికి ఎప్పుడైనా పానకం కలపండి: బెల్లం, మిరియాలు, యాలకులు. శ్రీరామనవమికే తాగాలని రూలేం లేదు, మంగళగిరి కొండమీద నరసింహస్వామికి ఏడాది పొడుగునా పానకమే కదా. అయితే బెల్లమూ తీపే, రోజూ వద్దు.

ముక్కలు వేసిన నీళ్లు బయట ఉంటే రెండు గంటల్లో తాగేయండి, ఫ్రిజ్‌లోవైతే మర్నాటిలోపు. కత్తి పని అమ్మ పక్కనుంటేనే.

వట్టివేళ్లు మామయ్య చేత పంపిస్తున్నాను. వాడి బట్టలన్నీ అదే వాసన వస్తే నవ్వకండి, సంచిలో అడుగున పెట్టింది నేనే.

అమ్మమ్మ