పాత హాలోవీన్ పార్టీ కాగితాలు, ఆటలు: అపోహలు - వాస్తవాలు

అపోహ: కాగితం పసుపుబారితే పాతదే.

అక్టోబరు 31న జరిగే హాలోవీన్ పండగ పాత అలంకరణలు, ఆటలు సేకరించేవాళ్ళలో ఈ ఒక్క నమ్మకం మీదే చాలా నకిలీలు చలామణి అవుతున్నాయి. టీ డికాక్షన్‌లో ముంచి ఆరబెడితే నిన్నటి కాగితం కూడా గోధుమ రంగుకు తిరుగుతుంది. వయసుతో వచ్చిన రంగు మామూలుగా అంచుల దగ్గర చిక్కగా ఉండి, లోపలికి వచ్చేకొద్దీ పలచబడుతుంది. టీ రంగు ముందూ వెనకా, మడతల్లోనూ ఒకేలా పట్టుకుంటుంది.

చీకటి గదిలో 365 నానోమీటర్ల యూవీ టార్చి వేసి చూడండి. కాగితాన్ని తెల్లగా మెరిపించే రసాయనాల వాడకం 1950 ప్రాంతం నుంచే పెరిగింది. నీలి తెలుపుగా భగ్గున మెరిస్తే అది 1920ల సరుకు కాదు. మెరవకపోతే మాత్రం ఒక పరీక్ష దాటినట్టే, పాతదని తేలినట్టు కాదు. ఆపైన పదింతలు చూపే భూతద్దంతో కాగితం మీది పిల్లి బొమ్మ చుట్టూ ఉన్న నల్ల గీత చూడాలి. పాత లితో (రాతి లేదా లోహపు పలక మీది నుంచి సిరా అచ్చువేసే) ముద్రణలో అది తెగని సిరా గీత. స్కాన్ చేసి తీసిన నకలులో అదే గీత రంగు చుక్కలుగా విడిపోతుంది.

అపోహ: వెనక బైస్టిల్ పేరుంటే చాలు.

చాలదు. పార్టీ అలంకరణలు తయారుచేసే ఈ అమెరికా (పెన్సిల్వేనియా) కంపెనీ 1900లో పుట్టింది, ఇప్పటికీ నడుస్తోంది, తన పాత డిజైన్లను తానే మళ్ళీ అచ్చువేసి అమ్ముతోంది. అందులో తప్పేమీ లేదు. ప్యాకెట్ చింపేసి, బార్‌కోడ్ పారేసి, "1930ల నాటిది" అని అంటగట్టేవాళ్ళతోనే చిక్కు. ప్యాకెట్ ఉంటే పని సులువు: చిరునామాలో ఐదంకెల జిప్ కోడ్ (అమెరికా పిన్ కోడ్) ఉంటే 1963కి ముందుది కాదు, బార్‌కోడ్ ఉంటే 1974కి ముందుది కాదు. "వెస్టర్న్ జర్మనీ" అని ఉంటే రెండో ప్రపంచ యుద్ధం తర్వాతది. ఉబ్బెత్తు అచ్చు ఉన్న జర్మన్ కటౌట్‌ను వెనక వేలితో తడిమితే గుంటలు తగలాలి. నున్నగా ఉండి, ఉబ్బు నీడలు మాత్రం ముద్రించి ఉంటే నకలే.

అపోహ: ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో (Hallowe'en అని) అపాస్ట్రఫీ ఉంటే పాతది.

నకలు తీస్తే అపాస్ట్రఫీ కూడా నకలవుతుంది కదా!

అపోహ: ఆటలో ఒకటి రెండు ముక్కలు పోతే ఏమీ కాదు.

ధర పడిపోయేది అక్కడే. కళ్ళకు గంతలు కట్టుకుని పోస్టర్ మీది జంతువు బొమ్మకు తోక గుచ్చే ఆటలో పోస్టర్ దొరకడం కంటే తోకలన్నీ దొరకడం కష్టం. తోకల మీద మామూలుగా వరుస నంబర్లుంటాయి. సూచనల కాగితంలో ఎన్నని రాసి ఉందో చూసి, ఒక్కొక్కటే లెక్కపెట్టండి. అసలు కత్తిరించనే లేని షీటు, దాని కవరుతో సహా దొరికితే లెక్కే వేరు. జోస్యం చెప్పే చక్రాల్లో ముల్లును, దాన్ని బిగించిన రివెట్‌ను చూడండి. కొత్త రివెట్ తళతళలాడుతుంది. పాత ముల్లు తిరిగినచోట అట్ట మీద గుండ్రటి గీత పడి ఉంటుంది. గీత ఒకచోట, ముల్లు కొస మరోచోట ఉంటే ముల్లు మార్చారన్నమాట.

తేనెపట్టులా విచ్చుకునే టిష్యూ గుమ్మడికాయలను ఒక్కసారిగా తెరవకండి. ఎండిన జిగురు దగ్గర టిష్యూ అట్టను వదిలేస్తుంది. కొద్దిగా విప్పి, లోపలి నారింజ రంగును అంచు రంగుతో పోల్చండి. ఎంత వెలిసిందో అక్కడే తెలుస్తుంది, బేరం కూడా అక్కడే మొదలవుతుంది.

అపోహ: చిరుగుకు టేపు వేస్తే విలువ నిలుస్తుంది.

సెల్లో టేపు జిగురు కాగితంలోకి ఇంకి గోధుమ రంగు మరకవుతుంది. ఆ మరక పోదు. లామినేషన్ అంతకంటే ఘోరం, దాన్ని వెనక్కి తీసుకోలేం. క్రేప్ కాగితానికి తడి తగిలితే రంగు కారుతుంది. ఇస్త్రీ చేస్తే ఆ కాగితానికి ఉండాల్సిన ముడతలే పోతాయి. చిరిగింది చిరిగినట్టే పాలియెస్టర్ కవరులో, ఆమ్లం లేని అట్ట దన్నుతో పెట్టడం నయం. పీవీసీ కవర్లు వద్దు. అమెరికాలో కొని విశాఖకో కాకినాడకో పంపేవాళ్ళు గాలి చొరని డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ పెట్టి, వానాకాలంలో మారుస్తుండాలి.

అపోహ: ఆన్‌లైన్‌లో పెట్టిన ధరే విలువ.

అడగడానికి ఎంతైనా అడుగుతారు. అమ్ముడైన ధరలు మాత్రమే వడగట్టి, అదే స్థితిలో ఉన్న అదే వస్తువుతో పోల్చండి. తేదీ కూడా చూడండి. అక్టోబరు ముందు పలికిన ధరను పట్టుకుని జనవరిలో కొనకూడదు.